ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్: చిన్నప్పటి కథల్లో మనకి పెట్టకుండా దాచేసిన భోజనాలన్నీ ఇక్కడున్నాయి

చిన్నప్పుడు చదివిన పుస్తకాల్ని పెద్దయ్యాక మళ్ళీ చదవాలనిపిస్తే ముందు వెళ్ళాల్సిన చోటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్. ఉచిత డిజిటల్ లైబ్రరీ ఇది. అకౌంట్ తెరవమనదు, ఫోన్ నంబర్ అడగదు, మధ్యలో యాడ్లు రావు. పుస్తకం పేజీ తెరిచి డౌన్‌లోడ్ నొక్కితే వచ్చేస్తుంది, అంతే. 75,000కి పైగా పుస్తకాలున్నాయి. లోపాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను, కానీ ముందే చెప్తున్నాను, నాకు ఈ సైట్ అంటే చాలా ఇష్టం, ఈ రివ్యూ ఆ ఇష్టంతోనే రాస్తున్నాను.

దీన్ని నేను సీరియస్‌గా వాడటం మొదలుపెట్టింది ఫ్రెండ్స్‌తో కబుర్ల వల్ల. మా వాళ్ళం ఎప్పుడు కలిసినా మాటలు ఎటు తిరిగినా చివరికి తిండి దగ్గరికే చేరతాయి. ఒకసారి తిండి మాటలు చిన్నప్పటి పుస్తకాల మీదకి మళ్ళాయి. చూస్తే ఎవరికీ కథ సరిగ్గా గుర్తులేదు, పాత్రల పేర్లు గుర్తులేవు, చివరికి ఏమైందో కూడా గుర్తులేదు, కానీ ఎవరు ఏం తిన్నారో మాత్రం అందరికీ గుర్తుంది! "కొండ మీద తాత నిప్పుల మీద చీజ్ కాల్చి మనవరాలికి పెడతాడు చూడు, అది ఏ పుస్తకమే?" అని ఒకమ్మాయి అడిగింది. ఇంకొకడు "ఓడలో ఆపిల్ పీపాలో కూర్చుంటాడు చూడు ఆ పిల్లాడు" అన్నాడు. "ఒరేయ్, అది ట్రెజర్ ఐలాండ్, అక్కడ జరిగేది దొంగల కుట్రరా, వాడు పీపాలో ఉండి వింటాడు" అంటే "ఏమోరా, నాకు ఆపిల్సే గుర్తున్నాయి" అన్నాడు.

మాలో చాలామంది ఈ కథలు చదివింది పిల్లల కోసం కుదించిన పొట్టి పుస్తకాల్లో. ఎవరైనా ఒక నవలని కుదించాలంటే ముందు ఏం తీసేస్తారు? కథ ముందుకి నడవడానికి అవసరం లేనిదంతా తీసేస్తారు. పిల్ల ఎక్కడికి వెళ్ళిందో ఉంచుతారు, వెళ్ళాక ఏం తిన్నదో తీసేస్తారు. రెండు పేజీల భోజనం ఒక్క వాక్యం అయిపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. అలా పోగా మిగిలిన కాస్త తిండే మాకు ఇన్నేళ్ళూ గుర్తుంటే, అసలు పుస్తకంలో ఎంత ఉండి ఉంటుందా అని ఒక్కొక్కటీ గుటెన్‌బర్గ్‌లో తీసి చదవడం మొదలుపెట్టాం.

ఆ కొండ మీద తాత పుస్తకం హైడీ. జర్మన్ భాషలో 1880-81లో రెండు భాగాలుగా వచ్చింది. పూర్తి పాఠంలో ఆ చీజ్ సీన్ ఎంత తీరిగ్గా ఉంటుందో చెప్పాలి. తాత మూడుకాళ్ళ స్టూల్ మీద కూర్చుని, పెద్ద చీజ్ ముక్కని పొడవాటి ఇనుప ఫోర్క్‌కి గుచ్చి, అన్ని వైపులా బంగారు రంగు వచ్చేదాకా మంట దగ్గర తిప్పుతూ ఉంటాడు. ఈలోగా హైడీ ఎవరూ చెప్పకుండానే అలమారలోంచి రొట్టె, పళ్ళేలు, కత్తులు తెచ్చి బల్ల మీద సర్దుతుంది. మంచు కొండల్లో గాలి పీల్చుకుంటూ ఎక్కి వచ్చిన ఆకలి, పైగా మేకపాలు. గిన్నెడు పాలు ఊపిరి తిప్పుకోకుండా తాగేస్తుంది. ఆ వేడికి మెత్తబడ్డ చీజ్‌ని తాత రొట్టె మీద రాసి ఇస్తాడు. పిల్ల కూర్చోవడానికి ఎత్తు సరిపోయే కుర్చీ లేదు, అందుకని తాత తన కుర్చీనే ఆమెకి బల్లగా జరిపి, స్టూల్ మీద కూర్చోబెట్టి, తను బల్ల అంచు మీద కూర్చుని తింటాడు. ఊళ్ళో అందరూ భయపడే మనిషి ఆ ముసలాయన. ఆయన మంచివాడని రచయిత్రి ఎక్కడా చెప్పనక్కర్లేకుండానే ఈ భోజనంతో మనకి తెలిసిపోతుంది. పొట్టి పుస్తకంలో "తాత ఆమెను ప్రేమగా చూసుకున్నాడు" అని ఉండేది, అంతే.

అదే పుస్తకంలో తెల్ల రొట్టెల సంగతి ఇంకా గట్టిది. హైడీని పట్నంలో ఒక పెద్దింటికి తీసుకెళ్తారు, అక్కడ రోజూ భోజనానికి మెత్తటి తెల్ల రొట్టెలు పెడతారు. కొండ మీద మేకలు కాసే పీటర్ అనే కుర్రాడి అవ్వకి చూపు లేదు, గట్టి నల్ల రొట్టె నమలలేదు. అందుకని ఈ పిల్ల తనకి పెట్టిన రొట్టెల్ని తినకుండా రోజూ బట్టల బీరువాలో దాచిపెడుతుంది, ఇంటికి తిరిగెళ్ళేటప్పుడు అవ్వకి తీసుకెళ్దామని. ఆ ఇంటి పెత్తనం చూసే ఆవిడ ఒకరోజు బీరువా తెరిచి, ఎండిపోయిన రొట్టెల గుట్ట చూసి అవన్నీ పారేయమంటుంది. అప్పుడు హైడీ ఏడ్చే ఏడుపు ఇప్పుడు చదివినా గొంతుకి అడ్డం పడుతుంది. రొట్టెలు ఒక్కొక్కటీ దాచడం మనం పేజీల తరబడి చూశాం కాబట్టి అవి పోయినప్పుడు మనకి కూడా పోయినట్టే ఉంటుంది. దాచడం కత్తిరించేస్తే ఆ ఏడుపు అర్థం కాదు.

1908లో వచ్చిన, జంతువులే ముఖ్యపాత్రలైన ది విండ్ ఇన్ ది విల్లోస్‌లో పిక్నిక్ బుట్ట సీన్ మాలో ఎవరూ చిన్నప్పుడు పూర్తిగా చదవలేదు. బుట్టలో ఏముందని మోల్ అడిగితే, ర్యాట్ చల్లటి చికెన్‌తో మొదలుపెట్టి మాంసాలు, ఊరగాయలు, సలాడ్, రొట్టెలు, శాండ్‌విచ్‌లు, జింజర్ బీర్, లెమనేడ్, సోడా అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తాడు. అచ్చులో కూడా ఆ పదాల మధ్య ఖాళీ లేదు, మొత్తం ఒకే పొడవాటి మాటలా అతికించి ఉంటుంది. ఇక చాలు ఆపు, ఇంత తట్టుకోలేను అంటాడు మోల్. ఇది ఫ్రెండ్స్ దగ్గర బిగ్గరగా చదివి చూడండి, చదివేవాళ్ళకి ఊపిరి అందదు, వినేవాళ్ళకి నవ్వు ఆగదు. అదే పుస్తకంలో టోడ్ జైల్లో పడి తిండి మానేసి ఏడుస్తుంటే, జైలరు కూతురు వేడి టీ, వెన్న కారుతున్న టోస్ట్ తెచ్చి పెడుతుంది. ఆ వాసన తగలగానే వాడికి వెచ్చటి వంటిళ్ళు, చలికాలం సాయంత్రాలు, పొయ్యి పక్కన చాపుకున్న కాళ్ళు అన్నీ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుని లేచి కూర్చుంటాడు. చాలా చిన్న పేరా. నాకైతే మొత్తం పుస్తకంలో అదే ఇష్టం.

ది సీక్రెట్ గార్డెన్ (1911) గురించి మాత్రం మా వాళ్ళలో పెద్ద చర్చే జరిగింది. చిన్నప్పుడు చదివినప్పుడు అది తోట కథ, తాళంచెవి కథ. ఇప్పుడు పూర్తిగా చదివితే అది ఆకలి కథ అని నా అభిప్రాయం. మేరీ అనే పిల్ల మొదట్లో పొద్దున పెట్టిన గంజి ముట్టుకోదు, ఏది పెట్టినా వద్దంటుంది, బక్కగా, చిరాగ్గా ఉంటుంది. బయట గాలిలో తిరిగి మట్టి తవ్వడం మొదలయ్యాకే ఆకలేస్తుంది, ఆకలేశాకే మనిషవుతుంది. తర్వాత మంచం పట్టిన ఆ ఇంటి పిల్లాడు కోలిన్ కూడా తోటలోకి వచ్చి రహస్యంగా కోలుకుంటాడు. నాన్న వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని పిల్లల పట్టుదల. కానీ ఇద్దరికీ విపరీతమైన ఆకలి! పళ్ళేలు ఖాళీ చేస్తే ఇంట్లో వాళ్ళకి అనుమానం వస్తుంది, అందుకని కడుపు మాడుతున్నా పళ్ళేలు వెనక్కి పంపే ప్రయత్నం చేస్తారు, తినకుండానే పిల్లాడికి బుగ్గలు వస్తున్నాయేమిటా అని డాక్టర్ తల పట్టుకుంటాడు. తోటలో వీళ్ళకి తోడుండే పల్లె కుర్రాడు డికన్ వాళ్ళమ్మకి ఇది తెలిసి, బకెట్‌లో మీగడ తేలే పాలు, నీలం తెలుపు గుడ్డలో చుట్టి ఇంకా వేడి తగ్గని బన్నులు పంపిస్తుంది. ఆమెకి తన ఇంట్లోనే పద్నాలుగు మందికి వండిపెట్టాలి. అది గుర్తొచ్చి పిల్లలు ఆమెకి డబ్బులు పంపుతారు. తర్వాత డికన్ అడవిలో రాళ్ళతో చిన్న పొయ్యి కడితే గుడ్లు, బంగాళదుంపలు కాల్చుకుని ఉప్పూ వెన్నా వేసుకుని తింటారు. ఇదంతా కుదించిన పుస్తకంలో లేదు. మా ఫ్రెండ్ ఒకమ్మాయి దీనికి ఒప్పుకోలేదు, "నీకు ప్రతిదీ తిండిలాగే కనిపిస్తుంది, అది ఒంటరితనం గురించిన పుస్తకం" అంది. సరే, అదీ నిజమే, కానీ ఆ పుస్తకంలో ఒంటరితనం పోయేది కూడా అందరూ కలిసి కూర్చుని తిన్నచోటే కదా.

ఇక్కడే తల్లిదండ్రులకి ఒక మాట. పూర్తి పాఠం అంటే నిజంగా పూర్తి పాఠం, కత్తిరించిన మంచీ వస్తుంది, కత్తిరించిన చెడూ వస్తుంది. మేరీ ఇండియాలో పుట్టి పెరిగిన ఇంగ్లిష్ పిల్ల. మొదటి అధ్యాయాల్లో అక్కడి పనివాళ్ళ గురించి ఆమె మాట్లాడే మాటలు, పక్కవాళ్ళు మాట్లాడే మాటలు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. ఆ కాలంలో వాళ్ళు అలాగే అనుకున్నారు, అలాగే అచ్చు వేశారు, గుటెన్‌బర్గ్ దాన్ని మార్చదు, మార్చకూడదు కూడా. కానీ పిల్లల చేతికి ఫైల్ ఇచ్చేముందు పెద్దవాళ్ళు ఒకసారి చదవాలి, వీలైతే పక్కన కూర్చుని చదివి ఆ మాటలు ఎందుకు తప్పో చెప్పాలి. సైట్‌లో ఏ పుస్తకం ఏ వయసుకి సరిపోతుందో చెప్పే ఏర్పాటు నాకు కనిపించలేదు. బాలసాహిత్యం అని ఒక విభాగం ఉంది గానీ అందులో అన్నీ కలిసే ఉంటాయి.

సైట్ వాడకం సంగతికొస్తే, ప్రతి పుస్తకానికీ రకరకాల ఫార్మాట్లు ఇస్తారు. ఫోన్‌లో, టాబ్లెట్‌లో చదవడానికి ఈపబ్, కిండిల్‌కి వేరే ఫైల్, ఏదీ దించుకోకుండా బ్రౌజర్‌లోనే చదవడానికి వెబ్ పేజీ, ఇంకా ఏ హంగూ లేని టెక్స్ట్ ఫైల్. నా సలహా ఈపబ్. టెక్స్ట్ ఫైల్‌లో బొమ్మలు రావు, పిల్లల పుస్తకం బొమ్మల్లేకుండా ఎందుకు చెప్పండి. 1865 నాటి ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్‌కి జాన్ టెనియెల్ వేసిన బొమ్మలు 42 ఉన్నాయి, ఆ టీ పార్టీ బల్ల చూడకుండా ఆ అధ్యాయం చదవడం సగం చదివినట్టే. అయితే ఒకే పుస్తకం సైట్‌లో నాలుగైదు చోట్ల ఉండొచ్చు, ఒకదాంట్లో బొమ్మలుంటాయి, ఇంకోదాంట్లో ఉండవు, ఒకటి పిల్లల కోసం కుదించినది కూడా అయ్యుండొచ్చు. కుదించినది దించుకుంటే మొత్తం ప్రయోజనమే పోయింది. హైడీ లాంటి అనువాదాలకి అనువాదకుల పేర్లు కూడా చూసుకోవాలి, ఒకరి ఇంగ్లిష్ సాఫీగా ఉంటే ఇంకొకరిది బరువుగా ఉంటుంది. పేజీ తెరిచి మొదటి అధ్యాయం కాస్త చదివి, నచ్చితేనే దించుకోండి.

సెర్చ్ నాకు నచ్చలేదు. పుస్తకం పేరో, రచయిత పేరో, విషయమో తెలియాలి, పుస్తకాల లోపలి పాఠంలో వెతకదు. కొండ, తాత, చీజ్ అని కొడితే ఏమీ రాదు. మనలాంటి వాళ్ళకి గుర్తుండేది సరిగ్గా అవే! కాబట్టి ముందు బయట ఎక్కడో పుస్తకం పేరు కనుక్కుని ఇక్కడికి రావాలి. చాలా పాత ఫైళ్ళకి అట్టబొమ్మ ఉండదు, కంప్యూటర్ తయారుచేసిన ఒక సాదా అట్ట ఉంటుంది, పిల్లలకి చూపిస్తే ముట్టుకోరు. సీక్రెట్ గార్డెన్‌లో తోటవాళ్ళూ డికన్ మాట్లాడే యార్క్‌షైర్ (ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ప్రాంతం) యాస మొదట్లో చాలా ఇబ్బంది పెడుతుంది, ఫుట్‌నోట్లు ఉండవు, బిగ్గరగా చదువుకుంటే మెల్లగా అలవాటవుతుంది. తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి గానీ చాలా తక్కువ, వాటి కోసం ఇక్కడికి రావద్దు.

అన్నిటికంటే పెద్ద పరిమితి కాపీరైట్. అమెరికా చట్టం ప్రకారం ప్రచురణై 95 ఏళ్ళు నిండిన పుస్తకాలు ప్రతి జనవరి 1న స్వేచ్ఛ పొందుతాయి, గుటెన్‌బర్గ్ దాదాపు వాటికే పరిమితం. తిండి, చిన్నప్పటి పుస్తకాలు అనగానే మా వాళ్ళలో సగం మంది చెప్పిన పేరు చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ. అది 1964లో వచ్చింది, అంటే 2060 దాకా ఇక్కడ దొరకదు. దాన్ని కొనుక్కోవాలి, లేదా లైబ్రరీలో తెచ్చుకోవాలి. ఇంకో విషయం, మీరుండే దేశంలో చట్టం వేరేగా ఉండొచ్చు, అది మీరే చూసుకోవాలని సైట్ కూడా చెప్తుంది.

ఇంత పని ఎవరు చేస్తున్నారనేది తెలిశాక నాకు ఈ సైట్ మీద గౌరవం ఇంకా పెరిగింది. 1971 జులై 4న మైకేల్ హార్ట్ అనే విద్యార్థి ఇల్లినాయ్ యూనివర్సిటీ కంప్యూటర్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని టైప్ చేయడంతో ఇది మొదలైంది. ఆయన 2011లో చనిపోయారు, పని ఆగలేదు. 2000 నుంచి డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అని ఒక వాలంటీర్ల బృందం పుస్తకాల్ని పేజీల లెక్కన పంచుకుని సరిచూస్తోంది. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి కంప్యూటర్ చేత చదివిస్తే అది హెచ్ అక్షరాన్ని బి అనుకుంటుంది, ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎమ్ అనుకుంటుంది. స్పెల్‌చెక్‌కి ఇలాంటివి చాలాసార్లు దొరకవు, ఎందుకంటే తప్పు మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే అవుతుంది. ఒక మనిషి కూర్చుని స్కాన్ చేసిన పేజీని, టైపైన పేజీని పక్కపక్కన పెట్టి చదవాల్సిందే. ఒకరు చూశాక ఇంకొకరు, తర్వాత మరొకరు. డబ్బులు లేవు, పేరూ పెద్దగా రాదు. ర్యాట్ గుక్కతిప్పుకోకుండా చెప్పిన ఆ పొడవాటి మాటలో ఒక్క అక్షరం పోకుండా నా ఫోన్‌లోకి వచ్చిందంటే ఎవరో దాన్ని అక్షరం అక్షరం చూసి ఉంటారు. వాళ్ళందరికీ నా థాంక్స్.

చదవడం కంటే వినడం ఇష్టపడేవాళ్ళకి లిబ్రివాక్స్ ఉంది. 2005లో మొదలైంది, అదీ వాలంటీర్లదే, ఇలాంటి కాపీరైట్ లేని పుస్తకాల్నే చదివి రికార్డ్ చేస్తారు. క్వాలిటీ మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒక అధ్యాయం ఒకరు, ఇంకోటి ఇంకొకరు చదివిన వెర్షన్లలో హైడీ గొంతు అధ్యాయానికోసారి మారిపోతుంది. మొత్తం ఒకరే చదివినవి ఉంటాయి, వాటిని ఎంచుకోండి. ప్రతి అధ్యాయం ముందూ ఇది లిబ్రివాక్స్ రికార్డింగ్ అనే ప్రకటన వస్తుంది, పిల్లల్ని నిద్రపుచ్చడానికి పెడితే సరిగ్గా కళ్ళు మూతపడే టైమ్‌లో అది వచ్చి లేపుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఎ లిటిల్ ప్రిన్సెస్ (1905) చెప్తాను. తండ్రి పోయి, బడిలోనే పనిమనిషిగా మారి, ఆకలితో నకనకలాడుతున్న సారాకి వీధిలో నాలుగు పెన్నీల నాణెం దొరుకుతుంది. బేకరీ ఆవిడ నాలుగు బన్నుల డబ్బుకి ఆరు ఇస్తుంది. బయట మెట్ల మీద తనకంటే ఆకలితో ఉన్న పిల్ల కూర్చుని ఉంటే, సారా సంచిలోంచి తీసి ఐదు ఆ పిల్లకే ఇచ్చేస్తుంది. నాలుగో బన్ను పెట్టేటప్పుడు ఆమె చెయ్యి వణికిందని కూడా రాశారు. తన ఒక్క బన్నునీ దారిలో చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఎక్కువసేపు వచ్చేలా తింటుంది. తర్వాత ఒక రాత్రి అటకలాంటి ఆమె గదిలో ఎవరో చలిమంట వేసి, సూప్, శాండ్‌విచ్‌లు, టోస్ట్ పెట్టి వెళ్తారు. పెట్టింది పక్కింట్లో పనిచేసే రామ్‌దాస్, కప్పు కిటికీలోంచి వచ్చి. ఈ పుస్తకాన్ని భోంచేశాకే చదవండి, ఖాళీ కడుపుతో కష్టం.

ఇంకొక్క సంగతి, తిండి మీద మోజున్నవాళ్ళు ఎలాగూ వదలరు కాబట్టి. ఈ కథల్లోని తిండి ఎలా చేస్తారో కూడా అదే సైట్‌లో దొరుకుతుంది, ఎందుకంటే ఆ కాలపు వంట పుస్తకాలు కూడా అక్కడున్నాయి. 1861 నాటి మిసెస్ బీటన్ పుస్తకంలో బన్నులు, జింజర్ బీర్, టోస్ట్ చేసిన చీజ్ అన్నిటికీ రెసిపీలున్నాయి. ప్రతి వంటకానికీ పదార్థాలు, పట్టే టైమ్, అయ్యే ఖర్చు, ఎంతమందికి సరిపోతుంది అని విడిగా రాస్తుంది ఆవిడ, అందుకే ఇప్పుడు కూడా చూసి వండొచ్చు. కొలతలు మాత్రం పౌండ్లలో, పైంట్లలో ఉంటాయి, ఓవెన్‌కి డిగ్రీలు చెప్పదు, మంట ఎంత ఉండాలో మాటల్లో చెప్తుంది, కాబట్టి మొదటిసారి తక్కువ పిండితో చేసి చూడండి. చాలా పెద్ద పుస్తకం, ఫోన్‌లో వెతకడం కష్టం. కంప్యూటర్‌లో వెబ్ పేజీగా తెరిచి, పేజీలో వెతికే ఆప్షన్‌తో వంటకం పేరు కొడితే నేరుగా అక్కడికే వెళ్తారు.